తాడు కట్టిన చుక్కాని

మన లింబాయత్‌లో తెలుగు నేతన్న ఒక్కడే ఎన్నో మరమగ్గాలు చూసుకుంటాడు. మగ్గం తనంతట తానే నేస్తుంది. పోగు తెగితే మాత్రం మనిషి రావాలి. సముద్రంపై పడవను ఇలాగే నడిపిన నావికుడు జాషువా స్లోకం.

ఆయన 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టారు. చిన్నప్పుడే ఓడల్లో చేరి కెప్టెన్ అయ్యారు. ఈత మాత్రం రాదు! పొలంలో పాడుబడి ఉన్న 'స్ప్రే' అనే పడవను స్వయంగా బాగుచేసుకుని, 1895లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒంటరిగా బయలుదేరారు.

అప్పట్లో పడవలకు ఆటోపైలట్ లేదు. ఆయన తెరచాపలను గాలికి తగ్గట్టు సరిచేసి, చుక్కాని చక్రాన్ని తాడుతో కట్టేసేవారు. పడవ పక్కకు తిరగబోతే, తెరచాపలపై గాలి ఒత్తిడే దాన్ని దారికి తెచ్చేది. గాలి పెరిగితే తెరచాపలు తగ్గించి, తాడు మళ్లీ కట్టేవారు. హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవులకు 23 రోజుల్లో 2,700 మైళ్లు సాగితే, చుక్కాని పట్టింది మూడు గంటలే!

1898లో తిరిగొచ్చి, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి నావికుడయ్యారు. 1909లో అదే పడవలో వెళ్లి మళ్లీ రాలేదు.

నేటి ఆటోపైలట్ దిక్సూచిని చూసి చుక్కాని తిప్పుతుంది. గాలి మారితే తెరచాప సరిచేయాల్సింది మాత్రం మనిషే. బదిలీతో ఊరు మారినప్పుడల్లా మనమూ తెరచాప సరిచేసుకుందాం. వెళ్లాల్సిన దిక్కు మరవొద్దు.