బూట్లు కుట్టే నాన్నే లెక్కల మాస్టారు

కోడింగ్‌ మొదలుపెట్టిన వారం పది రోజుల్లోనే ‘బూలియన్‌’ అనే మాట ఎదురవుతుంది. ట్రూ లేదా ఫాల్స్‌, అంతే. రెండు మార్కుల ప్రశ్న కింద చదివేసి పేజీ తిప్పేస్తాం. ఆ మాట జార్జ్‌ బూల్‌ అనే ఆయన పేరు మీద వచ్చింది. విద్యార్థిగా ఏ కాలేజీ గడపా తొక్కని ఈయన నేరుగా ప్రొఫెసర్‌గానే కాలేజీలో అడుగుపెట్టారు.

1815 నవంబర్‌ 2న ఇంగ్లండ్‌లోని లింకన్‌ పట్టణంలో పుట్టారు బూల్‌. నాన్న జాన్‌ బూట్లు కుట్టేవారు. చేతులు తోలు మీద ఉన్నా మనసు మాత్రం లెన్సుల మీద, లెక్కల మీద ఉండేది. సొంతంగా టెలిస్కోపులు తయారుచేసేవారు. ఆకాశాన్ని చూడాలనుకునేవాళ్లు లోపలికి రావచ్చంటూ కొట్టు కిటికీలో నోటీసు కూడా పెట్టారట! ఇలాంటి మనిషికి వ్యాపారం ఎలా సాగుతుందో చెప్పక్కర్లేదు. కొడుకును పేరున్న బడికి పంపే స్తోమత లేదు. ఊళ్లో చిన్న బడి, ఆ తర్వాత వ్యాపారానికి పనికొచ్చే చదువు చెప్పే ఓ స్కూలు... అంతటితో సరి.

అసలు చదువంతా ఇంట్లోనే. లెక్కలు నాన్న చెప్పారు. లాటిన్‌ తనకు రాదు కాబట్టి పుస్తకాల కొట్టు నడిపే తెలిసినాయన దగ్గర కూర్చోబెట్టారు. గ్రీకు చెప్పేవాళ్లెవరూ దొరకలేదు. దాంతో జార్జే పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాడు. 14 ఏళ్లకే ఓ గ్రీకు కవితను ఇంగ్లిష్‌లోకి అనువదిస్తే, నాన్న మురిసిపోయి స్థానిక పత్రికలో వేయించారు. ఆ వయసు పిల్లాడికి ఇది సాధ్యం కాదంటూ ఓ ఉపాధ్యాయుడు అదే పత్రికలో గొడవకు దిగారు.

కొట్టును పట్టించుకోని నాన్న వల్ల కొడుక్కి చదువు అబ్బింది. ఆ నాన్న వల్లే ఇల్లూ కుదేలైంది. వ్యాపారం మూతపడేసరికి జార్జ్‌కు 16 ఏళ్లు. నలుగురు పిల్లల్లో పెద్దవాడు. అమ్మానాన్న, తమ్ముళ్లు, చెల్లి... అందరి భారమూ తన మీదే పడింది. డాంకాస్టర్‌లో ఓ బడిలో అసిస్టెంట్‌ టీచర్‌గా చేరాడు. ఆ తర్వాత 19 ఏళ్లకే లింకన్‌లో సొంతంగా ఓ చిన్న స్కూలు తెరిచాడు.

తను లెక్కల వైపు గట్టిగా మళ్లడానికి ఆయన తర్వాత చెప్పుకున్న కారణం వింటే నవ్వొస్తుంది, కాస్త బాధా కలుగుతుంది. జేబులో డబ్బులు తక్కువ. మిగతా పుస్తకాలు కొంటే ఇట్టే అయిపోతాయి. లెక్కల పుస్తకమైతే ఒక్కటి కొన్నా చాలా రోజులు వస్తుంది. అలా ఫ్రెంచ్‌ గణిత గ్రంథాలను ఒంటరిగా నమిలి మింగాడు. అయితే దీన్ని గొప్పగా ఏమీ చెప్పుకోలేదు. చక్కగా దారి చూపే గురువు ఉండుంటే దాదాపు ఐదేళ్లు ఆదా అయ్యేవని తర్వాత ఆయనకే అనిపించింది. సొంతంగా చదువుకోవడమే మేలంటూ బూల్‌ను ఉదాహరణగా చూపేవాళ్లు ఈ ముక్క వదిలేస్తుంటారు. ఇప్పుడు పాఠాలు ఫోన్‌లో ఫ్రీగా దొరుకుతున్నాయి, నిజమే. కానీ సందేహం వచ్చిన రోజే తీర్చే మనిషి దొరకడం ఇప్పటికీ కష్టమే.

బూల్‌కు ఆ సాయం కొంతవరకు దొరికింది. కార్మికుల కోసం పెట్టిన మెకానిక్స్‌ ఇన్‌స్టిట్యూట్‌లో పుస్తకాలుండేవి. గణితం తెలిసిన ఎడ్వర్డ్‌ బ్రామ్‌హెడ్‌ అనే పెద్దమనిషి కూడా తన పుస్తకాలు ఇచ్చేవారు. కేంబ్రిడ్జ్‌లో చేరాలన్న ఆలోచన వచ్చినా, ఇల్లు గడవాలంటే స్కూలు నడపక తప్పదు. అందుకే పగలు పాఠాలు చెబుతూ మిగిలిన వేళల్లో పరిశోధన చేశారు. 1844లో రాయల్‌ సొసైటీ బంగారు పతకం వచ్చింది. 1847లో తర్కాన్ని బీజగణితంలా రాయొచ్చని చూపే చిన్న పుస్తకం తెచ్చారు. 1849లో ఐర్లండ్‌లోని కార్క్‌లో కొత్తగా తెరిచిన క్వీన్స్‌ కాలేజీలో గణిత ప్రొఫెసర్‌ అయ్యారు. డిగ్రీ కాగితం ఒక్కటీ లేదు. ఇదంతా చూడకుండానే, 1848 డిసెంబర్‌లో నాన్న కన్నుమూశారు.

1855లో మేరీ ఎవరెస్ట్‌ను పెళ్లాడారు. ఆమె పెదనాన్న జార్జ్‌ ఎవరెస్ట్‌ పేరే శిఖరానికి పెట్టారు. సర్వే పని మీద మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో తిరిగి జ్వరంతో మంచం పట్టింది ఆయనే. ఇక బూల్‌ను తీసుకెళ్లింది కూడా జ్వరమే. 1864 చలికాలంలో వానలో తడుస్తూ కాలేజీకి నడిచి, ఆ తడి బట్టలతోనే పాఠం చెప్పారు. న్యుమోనియా వచ్చి డిసెంబర్‌ 8న చనిపోయారు. అప్పటికి వయసు 49. ఐదుగురు ఆడపిల్లలు, చివరి పాపకు ఏడు నెలలు.

మేరీ లండన్‌ వచ్చి క్వీన్స్‌ కాలేజ్‌ అనే ఆడపిల్లల విద్యాసంస్థలో లైబ్రేరియన్‌గా చేరారు. లెక్కలను పిల్లలు చేతులతో నేర్చుకోవాలన్నది ఆమె పట్టుదల. అట్టముక్కకు వరసగా చిల్లులు పెట్టి, వాటిలోంచి దారం తిన్నగా లాగుతూ పోతే చివరికి వంపు గీత కనిపిస్తుంది. సూది, దారం, పాత అట్ట ఉంటే చాలు, ఖర్చేమీ లేదు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఆదివారం చేయించి చూడండి.

ఆ పిల్లల్లో లూసీ రసాయన శాస్త్రవేత్త అయ్యింది. చిన్నది ఎథెల్‌ ‘ది గాడ్‌ఫ్లై’ నవల రాసింది. నడిపి పిల్ల అలీషియా యూనివర్సిటీ చదువు చదవలేదు. బావ చూపించిన చెక్క దిమ్మెలతో మొదలుపెట్టి, నాలుగు కొలతల ఆకారాలను మనసులోనే ఊహించుకుని, వాటి కోతలను అట్టతో తయారుచేసేది.

1937లో అమెరికాలో క్లాడ్‌ షానన్‌ అనే 21 ఏళ్ల కుర్రాడు బూల్‌ బీజగణితాన్ని స్విచ్చుల సర్క్యూట్లకు ముడిపెట్టి ఎంఎస్‌ థీసిస్‌ రాశాడు. కంప్యూటర్‌ చిప్‌లోకి బూల్‌ లెక్క చేరింది ఆ దారిలోనే. దానికి 23 ఏళ్ల ముందే, 1914లో, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌ విశ్వవిద్యాలయం అలీషియాకు గౌరవ డాక్టరేట్‌ ఇచ్చింది. ఆమె చేసిన అట్ట బొమ్మలు కొన్ని అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.