టామ్ సింప్సన్: కొండ మీద ఆగిన సైకిల్

సైకిల్ పందెం ఒంటరి ఆట అనుకుంటాం. కానీ ఐరోపాలో అది జీతం తీసుకునే ఆటగాళ్ల జట్టు ఆట. నాయకుడికి గాలి తగలకుండా తోటివారు ముందు తొక్కుతారు, నీళ్లు అందిస్తారు. అలాంటి ఆటలో పేరు తెచ్చుకున్న ఇంగ్లండు వీరుడు టామ్ సింప్సన్.

ఆయన 1937 నవంబర్ 30న హాస్వెల్ గ్రామంలో ఒక బొగ్గుగని కార్మికుని ఇంట పుట్టారు. ఆరుగురు పిల్లల్లో చివరివాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టు పోటీలో కాంస్య పతకం సాధించారు. 1959లో కొద్దిపాటి సొమ్ముతో ఫ్రాన్స్ చేరి, ఆ ఏడాదే వృత్తి ఆటగాడయ్యారు. 1962లో టూర్ డి ఫ్రాన్స్ పందెంలో పసుపు జెర్సీ ధరించిన తొలి బ్రిటన్ ఆటగాడిగా నిలిచారు. 1965లో ప్రపంచ విజేత అయ్యారు.

ఆ రోజుల్లో అలసట తెలియకుండా చేసే యాంఫెటమైన్ మాత్రలు ఆ ఆటలో మామూలైపోయాయి. ఫ్రాన్స్ 1965లో చట్టం చేసి వాటిని నిషేధించింది. 1966లో టూర్‌లో పరీక్షలు మొదలుపెడితే ఆటగాళ్లు సైకిళ్లు దిగి నడిచి నిరసన తెలిపారు.

1967 జూలై 13. మండుటెండలో మాంట్ వెంటూ కొండ ఎక్కాలి. సింప్సన్‌కు అంతకుముందే కడుపు చెడి నీరసంగా ఉంది. అయినా మంచి స్థానం వస్తేనే మంచి ఒప్పందాలు దొరుకుతాయి. శిఖరం దగ్గరపడుతుండగా తూలి పడ్డారు. లేపి మళ్లీ ఎక్కించారు. కొంతదూరం వెళ్లి కుప్పకూలారు. ఇక లేవలేదు. వయసు 29 ఏళ్లు. ఆయన జేబులో మాత్రల గొట్టాలు, రక్తంలో యాంఫెటమైన్, మద్యం ఆనవాళ్లు దొరికాయి. ఎండ, నీటి కొరత, శ్రమ తోడై గుండె ఆగింది. ఒంటికి ఇక చాలని చెప్పే అలసటనే ఆ మందు మరుగుపరచింది.

తప్పు ఎవరిది? ఒప్పందాల ఒత్తిడి పెట్టినవారిది కాదా? మందు మామూలే అనుకున్న ఆటలోకం సంగతేమిటి? వారికీ పాలు ఉంది. కానీ చట్టం అప్పటికే ఉంది, మాత్ర మింగింది ఆయనే. 2004లో అమల్లోకి వచ్చిన ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి కూడా ఇదే చెబుతోంది: తన ఒంట్లో దొరికిన నిషేధిత పదార్థానికి ఆటగాడే బాధ్యుడు. ఎవరో ఇచ్చారన్నంత మాత్రాన బాధ్యత తప్పదు.

ఆయన కూలిన చోట 1968లో అభిమానులు స్మారక శిల నిలిపారు. నేటికీ అటు వెళ్లే సైక్లిస్టులు అక్కడ ఆగుతారు.

మిత్రులారా! మనలో రేపు ఏ కబడ్డీ జట్టుకో, క్రికెట్ జట్టుకో ఆడేవారు ఉండవచ్చు. ఎవరైనా మాత్రో, పొడో, సూదో ఇస్తే అదేమిటో అడిగి తెలుసుకోండి. పేదింటి నుంచి కష్టపడి పైకొచ్చిన సింప్సన్ ప్రతిభకు నమస్కరిద్దాం. ఆయన ప్రాణం తీసిన దారికి మాత్రం దూరంగా ఉందాం.