హాన్సీ రాజు జార్జి థామస్

ఐర్లండు దేశమందలి టిప్పరరీ ప్రాంతమున సుమారు 1756లో జార్జి థామస్ ఒక పేద ఇంట జన్మించెను. కళాసిగా వచ్చి, 1781 ప్రాంతమున మదరాసులో ఓడను విడిచి, దక్షిణాది పాలెగాండ్ర కొలువు చేసి, 1787లో ఢిల్లీ చేరెను. మీరట్టు చేరువనున్న సర్ధనా పాలకురాలు బేగం సమ్రూ అతనిని తన సేనలో చేర్చుకొని హెచ్చించెను. కాని అసూయాపరుల మాటలకు ఆమె చెవియొగ్గగా, 1792 ప్రాంతమున అతడు ఆ కొలువు వీడవలసివచ్చెను.

1795లో ఆమె సేనలే తిరుగబడి ఆమెను బంధించెను. అప్పుడామె సహాయము కోరినది థామస్‌నే. అతడు గతమును తలంపక, ఆమెను మరల గద్దెనెక్కించెను.

ఝజ్జరు ప్రాంతమున అతడు కట్టిన జార్జిగఢ్ కోట ప్రజల నోట జహాజ్‌గఢ్ ఆయెను. 1798 ప్రాంతమున పాడుపడియున్న హాన్సీని బాగుచేసి, ప్రజలను రప్పించి, స్వంత నాణెములు ముద్రించి, రాజుగా ఏలెను. ఆ రాజ్యము నాలుగేండ్లైనను నిలువలేదు. 1801లో సింధియా సేనాని పెరాన్ పంపిన దండు హాన్సీని పట్టుకొనెను. కలకత్తాకు పోవుచు, 1802 ఆగష్టు 22న థామస్ బహరంపురమున మరణించెను.

దిక్కులేని అతని భార్యాబిడ్డలను ఆదరించినది బేగం సమ్రూయే. రాజ్యము పోయెను, పగ మరచి చేసిన మేలు బిడ్డలకు అన్నమాయెను. చదువరీ, నిన్ను నొప్పించినవారు నేడు ఆపదలో నున్నారేమో, విచారించి చూడుము.