నత్తితో పోరాడిన చక్రవర్తి

1895 వ సంవత్సరము డిసెంబరు 14 వ తేదీన ఇంగ్లండు దేశమందలి సాండ్రింగ్‌హాములో ఒక రాజకుమారుడు జన్మించెను. ఆతనికి ఆల్బర్టు అని పేరిడిరి. తరువాత ఆఱవ జార్జి అను పేరుతో రాజ్యమేలినవాడు ఈతడే. మన తాతలు చేత బట్టిన రూపాయి నాణెములపై ముద్రింపబడిన ముఖము ఈయనదే.

ఏడెనిమిదేండ్ల ప్రాయమున ఆల్బర్టునకు నత్తి పట్టుకొనెను. ఎడమచేతి వాటము గల ఆ బాలునిచే బలవంతముగా కుడిచేత వ్రాయించిరి. వంకరగా నున్న మోకాళ్లను సరిచేయుటకై కాళ్లకు బద్దలు కట్టిరి. తండ్రి కఠినుడు. నత్తికి ఇవియే కారణములని పలువురు తలంచిరి. నేటి శాస్త్రజ్ఞులు మాత్రము దాని మూలము మెదడు పనిచేయు తీరులో నున్నదనియు, తఱచు వంశమున సంక్రమించుననియు చెప్పుచున్నారు. ఆస్బరన్ నౌకాశాల తుది పరీక్షలో ఆయన 68 మందిలో 68 వ వాడయ్యెను. ఉత్తరము తెలిసియు నోట మాట పెగలక ఊరకుండుట ఆయనకు పరిపాటి. ఉపాధ్యాయులమైన మేము ఈ అంకెను చూచి కొంత సిగ్గుపడవలసియున్నది.

1916 లో జట్లండు నౌకాయుద్ధమున ఫిరంగుల నడుమ ధైర్యముగ నిలిచిన ఈ యువకుడు 1925 అక్టోబరు 31 వ తేదీన వెంబ్లీ ప్రదర్శనశాలలో నాలుగు మాటలు చెప్పుటకు లేచి గజగజలాడెను. మాటకును మాటకును నడుమ సుదీర్ఘమైన మౌనము. వినుచున్న వేలమందికిని అది బాధాకరమయ్యెను.

మరుసటి యేట అక్టోబరు మాసమున, భార్య ప్రోత్సాహముతో, ఆయన లండను నగరమందలి హార్లీ వీథిలో లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియావానిని కలిసికొనెను. లోగ్ వైద్యపట్టము గలవాడు కాడు. 1914-18 యుద్ధమున గొంతు పోయిన సైనికులకు తన దేశమున మాటలు నేర్పినవాడు. కడుపు నిండ ఊపిరి పీల్చి మెల్లగ విడచుట, తెఱచిన కిటికీ యొద్ద నిలిచి అచ్చులను బిగ్గరగ పలుకుట, నాలుక తిరుగని వాక్యములను వల్లించుట ఇవియే పాఠములు. రాజపుత్రుడు 14 నెలలలో 80 కి పైగా మారులు లోగ్ కడకు వెళ్లి, ఇంటివద్దను ప్రతిదినము సాధన చేసెను.

ఇట్టి సాధన నోటితో ఆగిపోవునది కాదు. సాధారణముగ మాటను కూర్చు పని ఎక్కువగ మెదడు ఎడమ భాగమున జరుగును. నత్తి గల పెద్దవారిలో ఎడమవైపున మాటకు సంబంధించిన దారులు కొంత బలహీనముగ నుండుటయు, కుడివైపు ముందరి తావులు మితిమీఱి పనిచేయుటయు యంత్రములు తీసిన చిత్రములలో అగపడుచున్నవి. కొన్ని వారములు ఎడతెగక అభ్యాసము చేయించి మరల చూడగా ఎడమ భాగము హెచ్చుగ పనిచేయసాగెను. ఒకటి రెండేండ్ల పిమ్మట పరీక్షింపగా ఆ పని మరల కొంత కుడివైపునకు ఒరుగుటయు కనుగొనిరి. నలుగురు నడచిన కాలిబాట నడక మానిన పిమ్మట గడ్డి మొలచి కప్పబడునట్లే ఇదియును. నత్తి గలవారు పదిమందితో కలిసి ఏకకంఠముగ చదువునపుడును, పాడునపుడును తడబడుట మిక్కిలి అరుదు. మన తరగతులలోను దీనిని చూచుచునే యున్నాము. ఆ చక్రవర్తి కాలమున ఇట్టి యంత్రములు లేవు. ఆయన మెదడున ఏమి మాఱెనో ఎవరును చూడలేదు. మాట మాఱుట మాత్రము అందఱును వినిరి.

1927 మే 9 వ తేదీన కాన్‌బెరా పార్లమెంటు భవనమును తెఱచుచు ఆయన తడబడక ప్రసంగించెను. అన్న సింహాసనమును విడువగా 1936 డిసెంబరులో రాజ్యభారము అనుకొనకయే ఆయనపై బడెను. 1939 సెప్టెంబరు 3 వ తేదీన, యుద్ధము ప్రకటింపబడిన నాటి సాయంకాలము, రేడియోలో ప్రజలతో మాటలాడవలసి వచ్చెను. ఎక్కడ ఆగవలెనో, ఏ పదమును ఒత్తి పలుకవలెనో లోగ్‌తో కలిసి ముందుగ గుఱుతులు పెట్టుకొని, ఆయన నెమ్మదిగ చదివి ముగించెను. నత్తి పోలేదు. ప్రతి ముఖ్యప్రసంగమునకు ముందును మరల అదే భయము, మరల అదే సాధన.

1951 లో ఆయన ఊపిరితిత్తులలో నొకదానిని శస్త్రచికిత్సచే తీసివేసిరి. ఆ యేటి క్రిస్మసు సందేశమును ఒక్క దమ్మున చెప్పజాలక, ముక్కలు ముక్కలుగ పలికి ముందుగనే ముద్రణ చేయించెను. 1952 ఫిబ్రవరి 6 వ తేదీన, తాను పుట్టిన సాండ్రింగ్‌హాములోనే, నిద్రలో కన్నుమూసెను.