ఒక్క మాటను మార్పించిన విదుషి – హంసా మెహతా

ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినిపించే మా కళాశాలలో ఒక మాట విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క మాటను మార్పించి స్త్రీజాతికి మహోపకారం చేసిన శ్రీమతి హంసా మెహతా జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా స్మరించదలచాము.

ఆమె 1897 జూలై 3వ తేదీన సూరత్‌లో జన్మించారు. తండ్రి మనుభాయి మెహతా బరోడా సంస్థాన దివాను. తాత నందశంకర్ గుజరాతీ భాషలో తొలి నవలాకారుడు. బరోడాలో తత్త్వశాస్త్ర పట్టభద్రురాలై, ఉన్నత విద్యకై ఆమె ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడుతో స్నేహం కుదిరింది. 1920లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ మహిళా మహాసభకు ఇరువురూ హాజరయ్యారు. స్వదేశానికి మరలిన పిదప, కులస్థుల ఆగ్రహాన్ని లెక్కచేయక డాక్టర్ జీవరాజ్ మెహతాను వివాహమాడారు. స్వాతంత్ర్యోద్యమంలో కారాగారవాసమూ అనుభవించారు.

1945 డిసెంబరు చివర సింధు ప్రాంతపు హైదరాబాదులో జరిగిన అఖిల భారత మహిళా మహాసభకు అధ్యక్షత వహించి, స్త్రీల హక్కుల పత్రాన్ని ప్రతిపాదించారు. సమాన వేతనం, ఆస్తిలో సమాన భాగం, విద్య, ఆరోగ్యం అందులోని ముఖ్యాంశాలు. అనంతరం రాజ్యాంగ సభలో సభ్యురాలైనారు.

1947లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘంలో ఆమె భారత ప్రతినిధి. విశ్వ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలోని మొదటి అధికరణం ఆంగ్లంలో పురుషవాచకంతో ఆరంభమైంది. ఆ పదంలో స్త్రీలూ ఇమిడి ఉన్నారని అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్ భావించారు. స్త్రీలకు హక్కులు నిరాకరించదలచినవారికి ఆ పదమే సాకు కాగలదని హంసా మెహతా వాదించారు. మనం తెలుగులో ‘మానవులు’ అన్నా, ఉర్దూలో ‘ఇన్సాన్’ అన్నా స్త్రీపురుషులిరువురూ స్ఫురిస్తారు; ఆంగ్ల పదానికి ఆ విశాలత లేదు. తుదకు ఆమె వాదమే నెగ్గింది. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఆమోదించిన ప్రకటనలో ఇరువురికీ వర్తించే పదమే నిలిచింది.

కాగితంపై సాధించినదానిని ఆమె విద్యారంగంలోనూ ఆచరించి చూపారు. 1949లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి ప్రథమ ఉపాధ్యక్షురాలై, మన దేశంలో సహవిద్య గల విశ్వవిద్యాలయానికి సారథ్యం వహించిన తొలి మహిళగా ఖ్యాతి గాంచారు. 1958 వరకు ఆ బాధ్యత నిర్వహించారు. 1959లో పద్మభూషణ్ పురస్కారం పొందారు. 1995 ఏప్రిల్ 4న పరమపదించారు. బరోడా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆమె పేరనే వెలసి ఉంది.

చట్టంలోనో, దరఖాస్తులోనో, సంఘ నియమావళిలోనో ఒక పదం తమను వెలుపల నిలిపినప్పుడు, అది వాడుకేకదా అని మన విద్యార్థినులు మిన్నకుండరాదని మా ఆకాంక్ష. అడిగి మార్పించవచ్చునని ఈ విదుషి జీవితం నిరూపించింది.