స్పినోజా – నియతిస్వాతంత్ర్యములు

పాణినీయులు కర్తకు స్వాతంత్ర్యమును లక్షణముగా చెప్పుదురు. మనుష్యునియందు అట్టి స్వాతంత్ర్యము నిజముగా కలదా యని 17వ శతాబ్దమున హాలండు దేశమున విచారించిన తత్త్వవేత్తలలో స్పినోజా అగ్రగణ్యుడు.

ఈతడు 1632 నవంబరు 24న ఆంస్టర్‌డాం నగరమున, పోర్చుగల్లు నుండి వలసవచ్చిన యూదుల వర్తకకుటుంబమున జన్మించెను. బాల్యమున హీబ్రూ అభ్యసించి, పిమ్మట లాటిను నేర్చి, డెకార్టు గ్రంథములను పరిశీలించెను. 1656 జూలై 27న యూదుసమాజ మాతనిని బహిష్కరించెను. అప్పటి కాతని వయస్సు 23 సంవత్సరములు. దుష్టాభిప్రాయములు కలవాడని శాసనపత్రమున కలదు; అవి యెట్టివో అందు వివరింపబడలేదు. తరువాత ఆతడు కటకములను సానపట్టుచు, మిత్రుల సాయముతో నిరాడంబరముగా జీవించెను. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయము ఆచార్యపదవి నొసగ జూపగా, విచారస్వేచ్ఛకు హద్దు లేర్పడునను శంకతో నిరాకరించెను.

డెకార్టు మతమున జడప్రపంచము కార్యకారణబద్ధము. ఇచ్ఛ మాత్రము స్వతంత్రము. ఈ మినహాయింపును స్పినోజా అంగీకరింపలేదు. త్రిభుజస్వరూపము నుండి తద్ధర్మములు సిద్ధించునట్లు, సర్వమును ఈశ్వరస్వభావము నుండి అనివార్యముగా కలుగునని ఆతని సిద్ధాంతము. మనుష్యుడు తన కోరికల నెరుగును, వాని కారణముల నెరుగడు. కావుననే తాను స్వతంత్రుడనని భ్రమించును. విసరిన రాతికి చైతన్యమున్నచో అదియు స్వేచ్ఛగానే పోవుచున్నానని తలచునని ఆతడు దృష్టాంతము చూపెను.

అట్లైన నిందాప్రశంసలకు తావెక్కడ? లండను రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ 1675లో ఈ యాక్షేపమునే లేఖారూపమున పంపెను. నియతివలన కలిగినంతమాత్రమున కీడు కీడు కాకపోదని స్పినోజా సమాధానము. కుక్కకాటుచే వెర్రియెత్తినవాడు నిర్దోషియే. ఐనను ఆతని నుండి ఇతరులు తమ్ము రక్షించుకొనుట న్యాయమే.

ఆతని ప్రధానగ్రంథమగు నీతిశాస్త్రము 1675 నాటికి ముగిసినను, మతాచార్యుల కోపము నెరిగి ప్రకటింపలేదు. 1677 ఫిబ్రవరి 21న, 44వ యేట, హేగు నగరమున మరణించెను. ఆ సంవత్సరముననే మిత్రులు దానిని ముద్రింపించిరి. అందు నాలుగవ భాగము రాగద్వేషాదుల బంధమును, అయిదవది విముక్తిని నిరూపించును. రాగమునకు కారణము స్పష్టముగా తెలిసినచో దాని పట్టు సడలునని ఆతని మతము.

ఆ తెలియుటయు నియతమే కదా యను శంక కలుగును. స్పినోజాకు అది యిష్టాపత్తియే. స్వాతంత్ర్యమునకు విరోధి పరప్రేరణయే కాని నియతి కాదని ఆతని నిశ్చయము. స్వస్వభావము ననుసరించియే ప్రవర్తించుట స్వాతంత్ర్యము. ఆ లక్షణము పూర్ణముగా ఈశ్వరునియందే కలదు. మనుష్యుడు ఎంత తెలిసికొనునో అంతమేరకే కర్త.