ఓజ్ దేశపు కథకుడు ఫ్రాంక్ బామ్

పిల్లలు ప్రేమించిన కథను తెరమీదికి తెచ్చుట సులభకార్యమని పలువురు తలంతురు. కథ సిద్ధముగా నున్నది, పాత్రలు సిద్ధముగా నున్నవి, ఇక కావలసినవి యంత్రమును ధనమును మాత్రమే యని వారి యూహ. ఈ యూహ యెంత పొరపాటో, తన కథను తానే తెరమీద చూపబూని ఋణములపాలైన యొక గ్రంథకర్త జీవితమువలన తెలియగలదు. ఆయన అమెరికా దేశస్థుడైన లైమన్ ఫ్రాంక్ బామ్. ఆయన వ్రాసిన ఓజ్ మాంత్రికుని కథను మన విద్యార్థులలో కొందరు చదివియుందురు, మరికొందరు చలనచిత్రముగా చూచియుందురు. కథకుని చరిత్ర మెరిగినవారు మాత్రము అరుదు. కావున దానిని సంగ్రహముగా నిచ్చట చెప్పుచున్నాము.

బామ్ 1856వ సంవత్సరము మే 15వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి చిటెనాంగో గ్రామమున జన్మించెను. తండ్రి బెంజమిన్ పెన్సిల్వేనియా నూనెబావుల వ్యాపారమున ధనము గడించినవాడు. బాలుని దేహము దుర్బలము. పండ్రెండవయేట సైనిక పాఠశాలకు పంపబడి, రెండేండ్లకే జబ్బుపడి యిల్లు చేరెను. తండ్రి కొనియిచ్చిన చిన్న అచ్చుయంత్రముతో తమ్ముడు హ్యారీయు తానును గూడి యొక చిన్న పత్రికను ముద్రించుచుండిరి. మన సంచికకు వ్యాసములు వ్రాయు విద్యార్థులు దీనిని గమనింతురుగాక.

పెరిగి పెద్దవాడైన పిమ్మట ఆయన చేపట్టని వృత్తి లేదు. నాటకములు వ్రాసి తానే వేషము కట్టెను. హాంబర్గు జాతి కోళ్లను పెంచి, వానినిగూర్చి 1886లో తన మొదటి గ్రంథమును ప్రకటించెను. 1882లో మాడ్ గేజ్ అను కన్యను వివాహమాడెను. స్త్రీల వోటుహక్కుకై పాటుపడిన మటిల్డా జోస్లిన్ గేజ్ ఆమె తల్లి. 1888లో డకోటా ప్రాంతమందలి అబర్డీన్ పట్టణమున దుకాణము పెట్టి, అడిగినవారికెల్ల అరువిచ్చి, దానిని మూసివేయవలసినవాడయ్యెను. తరువాత నడపిన వార్తాపత్రికయు 1891లో నిలిచిపోయెను. ఆ పత్రికలో ఆ దేశపు ఆదిమవాసులను నిర్మూలింపవలెనని ఆయన వ్రాసిన వ్రాతలు ఆయన పేరునకు మాయని మచ్చ. ఆయన వంశీయులే 2006లో ఆ జాతివారిని క్షమాపణ వేడిరి. పిల్లలయెడల నంత దయగలవాడు పొరుగు జాతియెడల నంత నిర్దయుడగుట మనకందరకు హెచ్చరిక. గొప్పవారి చరిత్రలు చెప్పునపు డిట్టివానిని దాచరాదని మా మతము.

పిమ్మట కుటుంబముతో చికాగో చేరి, పింగాణి సామానులమ్ముచు ఊరూర దిరిగెను. 1897లో, దుకాణపు అద్దాల వెనుక సరకులను సొంపుగా అమర్చు విద్యను బోధించు పత్రికనొకదానిని స్థాపించెను. చూపరుల కన్నుల కాశ్చర్యము గొల్పుటయెట్లో ఆయన కప్పుడే తెలిసియుండెను. ఇంట నుండునపుడు తన నలుగురు కుమారులకును ఇరుగుపొరుగు పిల్లలకును కథలు చెప్పుచుండెను. ఆ కథలనుండియే డబ్ల్యూ. డబ్ల్యూ. డెన్స్‌లో చిత్రములతో 1900లో ఓజ్ మాంత్రికుని కథ వెలువడెను.

కాన్సస్ మైదానములనుండి సుడిగాలికి కొట్టుకొనిపోయిన డొరతీ యను బాలిక ఓజ్ దేశమున పడును. బుద్ధి కావలెనను గడ్డిబొమ్మయు, హృదయము కావలెనను తగరపు మనుష్యుడును, ధైర్యము కావలెనను సింహమును ఆమెకు తోడగుదురు. వారు నమ్మి వెదకికొనిపోయిన మాంత్రికుడు వట్టి కపటియని తేలును. కాని వారు కోరినవి త్రోవలో ఒకరికొకరు సాయపడునపుడే వారియందు కనబడినవి. పిల్లలను భయపెట్టక సంతోషపెట్టు కథ వ్రాయవలెనన్నదే బామ్ సంకల్పము.

1902లో ఆ కథ చికాగోలో సంగీతనాటకముగా ప్రదర్శింపబడెను. బామ్ వ్రాసియిచ్చిన నాటకము దర్శకుడు జూలియన్ మిచెల్‌కు నచ్చలేదు. ఆయన దానిని పెద్దల వినోదమునకై మార్పించెను. డొరతీ కుక్కపిల్లయైన టోటో స్థానమున నొక ఆవు ప్రవేశించెను. నాటకము మిక్కిలి జయప్రదమై ధనము తెచ్చెను, కాని అది పిల్లల పుస్తకమువలె లేదు.

తన కథను తన మనస్సునకు వచ్చినట్లు చూపవలెనన్న కోరికతో కాబోలు, 1908లో బామ్ స్వయముగా నొక ప్రదర్శనమును సిద్ధపరచెను. అప్పటికి చలనచిత్రకళ శైశవదశలో నుండెను. ఆయన తెల్లని దుస్తులు ధరించి రంగస్థలమున నిలిచి కథ చెప్పుచుండ, చేతితో రంగులద్దిన ఫిలిములును, మేజిక్ లాంతరు చిత్రములును తెరమీద కనబడుచుండెను. వాద్యబృందము వాయించుచుండెను. ప్రజలు మెచ్చిరి, అయినను ఖర్చు రాబడిని మించిపోయెను. ఆ సంవత్సరము డిసెంబరు నెలలోనే ప్రదర్శనము నిలిచిపోయెను. ఆ ఋణములే పెరిగి 1911లో ఆయన దివాలా తీసెను. ఓజ్ మాంత్రికుని గ్రంథముపై రాబడి సైతము ఋణదాతల పాలయ్యెను.

అంతకుముందే, 1910లో, హాలీవుడ్డునకు కాపురము మార్చి, ఓజ్ కథలకు ముగింపు పలికియుండెను. కాని పిల్లల జాబులు ఆగలేదు, అక్కరలును తీరలేదు. కనుక మరల కలము పట్టి, 1913 మొదలు అవసానమువరకు ఓజ్ గ్రంథములు వ్రాయుచునే యుండెను. అవి మొత్తము పదునాలుగు.

1914లో కొందరు మిత్రులతో గూడి ఓజ్ చిత్రముల కంపెనీని స్థాపించి, తానే అధ్యక్షుడై, అతుకుల పిల్ల కథ మొదలగువానిని మూకీ చిత్రములుగా తీయించెను. ప్రదర్శనశాలలవారు ఇవి పిల్లల చేష్టలని త్రోసిపుచ్చిరి. పెద్దలకై చిత్రములు తీసి చూచినను ఫలము లేకపోయెను. 1915లో కంపెనీ మూతబడెను. ఈసారి ఆయన సొంత సొమ్ము పోలేదు. అయినను క్షీణించుచున్న దేహముతో, పడకమీదనుండియు కథలు వ్రాయుట మానక, 1919 మే 6వ తేదీన కన్నుమూసెను.

ఆయన మరణించిన ఇరువదియేండ్లకు, 1939లో, మెట్రో గోల్డ్విన్ మేయర్ వారు 27 లక్షల డాలర్లకు పైగా వెచ్చించి ఓజ్ మాంత్రికుని చిత్రమును వెలువరించిరి. దర్శకులలో విక్టర్ ఫ్లెమింగ్ పేరు తెరమీద కనబడును. డొరతీ పాత్రను జూడీ గార్లండ్ ధరించెను. సుడిగాలిని చూపుటకు 35 అడుగుల పొడవుగల మస్లిన్ గుడ్డగొట్టమును చేసి త్రిప్పిరి. కాన్సస్ దృశ్యములు గోధుమవన్నెలో నుండును. తలుపు తెరచినంతనే ఓజ్ దేశము సకల వర్ణములతో ప్రత్యక్షమగును. బామ్ చేతితో అద్దించిన రంగులను ఇప్పుడు కెమేరాయే పట్టగలిగెను.

మార్పులును లేకపోలేదు. గ్రంథమందలి వెండి పాదరక్షలు రంగు తెరమీద మెరయుటకై కెంపులవయ్యెను. గ్రంథమున ఓజ్ నిజమైన దేశము, చిత్రమున అది బాలిక కన్న కల. ఈ రెండవ మార్పు మాకు సమ్మతము కాదు. పిల్లవాని యద్భుతమును కలయని కొట్టివేయుట పెద్దల యలవాటు. అయినను స్నేహితుల పరస్పరప్రేమయు, ఇంటిమీది మమతయు, కపటి మాంత్రికుని బయటపెట్టు ధైర్యమును చెక్కుచెదరలేదు. టోటో తిరిగి కుక్కపిల్లయే యయ్యెను. కథ ప్రాణము నిలిచినది గనుకనే చిత్రమును నిలిచినదని మా నమ్మకము. ఇదియైనను మొదటి విడుదలలో పెట్టుబడిని తిరిగి రాబట్టలేదు. 1949లో మరల విడుదలయై లాభము తెచ్చెను. 1956 మొదలు టెలివిజనులో ఇంటింట ప్రవేశించెను.

విత్తిన రైతు పంటను చూడకయే పోవుట లోకమున క్రొత్తగాదు. బామ్ చిత్రములు పిల్లలవని నవ్విన ప్రదర్శనశాలల పేర్లు నేడెవ్వరికిని జ్ఞప్తి లేవు. పిల్లలకై చేయు పనిని తక్కువ పనిగా నెంచక, తనకున్న దానినెల్ల దానికి ధారవోసిన మనుష్యుని పేరు నిలిచినది. బడిపిల్లలకు పాఠము చెప్పువారును, ఇంట బిడ్డలకు కథలు చెప్పు తలిదండ్రులును ఇందుండి ధైర్యము గైకొందురుగాక.